నేల లోపల కిలోమీటరు పొడవు థర్మామీటర్: ఫైబర్ కేబుల్‌తో మట్టి పదును ఎట్లా తెలుస్తుంది?

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకు రాత రూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

మీరు ఈ వీడియో చూస్తున్న ఇంటర్నెట్ ఎక్కడో ఒకచోట ఫైబర్ కేబుల్ దాటే మీ ఫోన్‌కి వచ్చింది. సన్నటి గాజు దారం, దాంట్లో లైట్. అది డేటా మోస్తుందని అందరికీ తెలుసు. అదే గాజు దారాన్ని మట్టిలో పాతిపెడితే, తన పొడవునా ప్రతి మీటరు దగ్గర నేల ఎంత వేడిగా ఉందో చెప్తుంది. మధ్యలో సెన్సర్ లేదు, చిప్ లేదు, బ్యాటరీ లేదు. గాజే థర్మామీటర్.

"నేల వేడి తెలిస్తే నాకేంటి బ్రో?" అంటారు. దానికి జవాబు మన రావిర్యాల చుట్టుపక్కలే ఉంది. ఇటు వండర్‌లా, ఫ్యాబ్ సిటీ, అవుటర్ రింగ్ రోడ్డు. అటు ఇంకా కూరగాయలు, వరి వేసుకునే చెల్కలు, మడులు. వాటికి ఆధారం బోరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. మోటారు ఆన్ చేస్తే బిల్లు రాదు. కానీ కింద నీళ్లు మాత్రం లెక్క ప్రకారమే ఉంటాయి. పైన ఎండినట్టు కనిపించే మట్టి కింద జానెడు లోతులో పదును ఉండొచ్చు. పైన తడిగా కనిపించేది కింద పొడిగా ఉండొచ్చు. ఈ రెండిట్లో తేడా తెలియకపోతే, అవసరం లేని రోజు మోటారు నడుస్తది, అవసరమైన రోజు బోరు ఎండుతది. ఈరోజు టాపిక్ ఇదే.

ముందు మట్టి సంగతి

మట్టి అంటే మూడు కలిసిన మిశ్రమం: రాతి రేణువులు, నీళ్లు, గాలి. వేడికి ఈ మూడూ మూడు రకాలుగా దారి ఇస్తాయి. గాలి థర్మల్ కండక్టివిటీ 0.025 దగ్గర ఉంటది. నీళ్లది 0.6, అంటే గాలి కంటే 24 రెట్లు. గ్రానైట్ రాయిది 2.5 నుంచి 3.5 దాకా. యూనిట్ వాట్స్ పర్ మీటర్ పర్ డిగ్రీ, దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి, పోలిక చాలు.

ఎండిన దుబ్బ నేలలో రేణువు, రేణువు మొనల దగ్గర మాత్రమే తగులుకుంటాయి. మిగతా సందంతా గాలి. అందుకే వేడి ముందుకు పోలేదు. కండక్టివిటీ 0.3 దగ్గర ఆగుతది. కొంచెం తడి పడగానే ఆ నీళ్లు మొట్టమొదట రేణువుల మొనల దగ్గర చేరి వంతెన కడతాయి. వేడికి రోడ్డు పడ్డట్టే. మొత్తం తడిసిన ఇసుక నేలలో ఇది 2 దగ్గరికి పోతది. అంటే అదే మట్టి, పొడికీ తడికీ మధ్య ఆరేడు రెట్లు తేడా.

రెండో లక్షణం, వేడిని దాచుకునే శక్తి. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 42 లక్షల జౌళ్లు కావాలి. పొడి మట్టికి దాంట్లో మూడో వంతు చాలు. తడి పెరిగేకొద్దీ మట్టి బరువుగా, నెమ్మదిగా వేడెక్కుతుంది.

మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది థర్మల్ డిఫ్యూజివిటీ. ఉష్ణోగ్రత మార్పు మట్టిలో ఎంత తొందరగా పాకుతుందో చెప్పే సంఖ్య. ఈ ఎపిసోడ్‌లో హీరో ఇదే.

పొద్దున ఎండ, నేలలోకి అర్ధరాత్రి

ఎండాకాలం మన ఎర్ర చెల్క ఊహించుకోండి. తెల్లవారుజామున పై మట్టి 25 డిగ్రీలు, మధ్యాహ్నం ఒంటిగంటకు 55 అనుకుందాం. మొత్తం 30 డిగ్రీల ఊపు. ఈ ఊపు కిందికి పోయేకొద్దీ రెండు పనులు జరుగుతాయి: చిన్నదవుతుంది, ఆలస్యమవుతుంది.

ఓ మోస్తరు పదును ఉన్న మట్టిలో ప్రతి 12 సెంటీమీటర్లకు ఈ ఊపు దాదాపు 37 శాతానికి పడిపోతుంది. ఈ 12 సెంటీమీటర్లను డ్యాంపింగ్ డెప్త్ అంటారు. లెక్క వేస్తే 10 సెంటీమీటర్ల లోతులో ఊపు 13 డిగ్రీలు. 30 సెంటీమీటర్ల లోతులో రెండున్నర డిగ్రీలే. పైన ఒంటిగంటకు వచ్చిన పీక్ అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర గంటలు పడుతుంది, అంటే రాత్రి పదిన్నర. మనం పడుకునే టైంకి అక్కడ మిట్టమధ్యాహ్నం.

ఇప్పుడు అదే చెల్క బాగా ఎండిందనుకోండి. డ్యాంపింగ్ డెప్త్ ఏడున్నర సెంటీమీటర్లకు తగ్గుతుంది. 30 సెంటీమీటర్ల దగ్గర ఊపు అర డిగ్రీ. పీక్ వచ్చేది మరుసటి రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు. చూశారా? పైన ఎండ అదే, లోతు అదే. మధ్యలో ఉన్న మట్టి తడి మారితే కింద టైమింగ్ మారిపోయింది. రివర్స్‌లో ఆలోచించండి: రెండు లోతుల్లో ఉష్ణోగ్రత రికార్డు చేస్తే, ఎంత తగ్గింది, ఎంత లేటయింది అన్న దాన్నిబట్టి మధ్యలోని మట్టి లక్షణం పట్టుకోవచ్చు. తవ్వాల్సిన పని లేదు.

ఏడాది మొత్తానికి కూడా ఇట్లాంటి ఊపే ఉంటుంది, ఎండాకాలం నుంచి చలికాలం దాకా. దాని డ్యాంపింగ్ డెప్త్ రెండు మీటర్ల పైచిలుకు. అందుకే లోతు బావి నీళ్లు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా అనిపిస్తాయి. నీళ్లు పెద్దగా మారవు, మన చుట్టూ గాలి మారుతుంది.

గాజు దారం థర్మామీటర్ ఎట్లా అయింది?

ఈ కథ మన వైజాగ్‌ని తాకుతూ పోతుంది. సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలో. వాళ్ల నాన్నగారు అక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఎఫెక్ట్ బయటపడింది, 1930లో నోబెల్ వచ్చింది. అదే 1928లో హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం గారు కలకత్తా వెళ్లి రామన్ దగ్గర పనిలో చేరారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లి ఆయన సొంతూరు. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ కూడా అయ్యారు.

రామన్ ఎఫెక్ట్ అంటే ఏంటి? లైట్ ఒక పదార్థం మీద పడినప్పుడు చాలావరకు అదే రంగులో చెదురుతుంది. చాలా తక్కువ భాగం మాత్రం రంగు మార్చుకుంటుంది. కొంత లైట్ అక్కడి అణువులకు శక్తి ఇచ్చేసి తగ్గి వస్తుంది, దాని పేరు స్టోక్స్. కొంత లైట్ అప్పటికే ఊగుతున్న అణువుల దగ్గర శక్తి తీసుకుని పెరిగి వస్తుంది, దాని పేరు యాంటీ స్టోక్స్. పదార్థం వేడిగా ఉంటే ఊగే అణువులు ఎక్కువ, కాబట్టి యాంటీ స్టోక్స్ ఎక్కువ. ఈ రెండిటి నిష్పత్తి చూస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది. ఫైబర్ గాజులో, మన మామూలు వాతావరణంలో, ఒక్క డిగ్రీ మారితే ఈ నిష్పత్తి దాదాపు 0.7 శాతం మారుతుంది.

సరే, వేడి తెలిసింది. ఎక్కడి వేడి? ఇక్కడ టైం పనికొస్తుంది. ఫైబర్ ఒక చివర నుంచి లేజర్‌తో చిన్న మెరుపు పంపిస్తారు. గాజులో లైట్ సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. దారి పొడవునా ప్రతి చోటా కొంచెం లైట్ వెనక్కి చెదురుతుంది. పోయి రావడానికి లెక్కేస్తే, ఒక మీటరు అవతల నుంచి వచ్చే లైట్ 10 నానోసెకన్లు లేటుగా వస్తుంది. నూరు మీటర్ల నుంచి వచ్చేది ఒక మైక్రోసెకను తర్వాత. బావిలోకి రాయి వేసి, బుడుంగుమనే చప్పుడు ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు అంచనా వేస్తాం కదా, అదే ఐడియా.

వెనక్కి వచ్చే రామన్ లైట్ ఎంత బలహీనమంటే, ఒక్క మెరుపుతో ఏమీ తేలదు. సెకనుకు వేల మెరుపులు పంపి, నిమిషాల పాటు యావరేజ్ తీస్తారు. కోడింగ్ చేసే వాళ్లకు ఇది తెలిసిన కథే: నాయిస్ సగం కావాలంటే శాంపిల్స్ నాలుగింతలు కావాలి. మంచి యంత్రాలు ఇట్లా మీటరుకో రీడింగ్, 0.1 డిగ్రీ స్థాయిలో, కిలోమీటర్ల పొడవునా ఇస్తాయి. దీన్ని డిస్ట్రిబ్యూటెడ్ టెంపరేచర్ సెన్సింగ్, పొట్టిగా డీటీఎస్ అంటారు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ చుట్టూ 1980లలో ఈ పద్ధతి పుట్టింది. 1985లో డాకిన్, ఆయన సహచరులు రామన్ లైట్‌తో దీన్ని చేసి చూపించారు. మొదట్లో ఆయిల్ బావులు, సొరంగాల్లో మంటలు పసిగట్టడం, ఇట్లాంటి వాటికి వాడారు. 2006లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ సెల్కర్ బృందం, వాగులు, నేలలో నీళ్ల అధ్యయనానికి ఇది ఎంత పనికొస్తుందో పేపర్ రాసింది. అప్పటి నుంచి నీళ్ల మీద పనిచేసే వాళ్లందరి దృష్టి దీని మీద పడింది.

మట్టిలో వాడే రెండు పద్ధతులు

మొదటిది, ఊరికే వినడం. ఒకే చాలులో రెండు మూడు లోతుల్లో, ఉదాహరణకు 5, 10, 15 సెంటీమీటర్లలో, కేబుల్ పాతుతారు. సూర్యుడే హీటర్. పగలు రాత్రి ఊపు చూసి, ఇందాక చెప్పిన లెక్కతో డిఫ్యూజివిటీ తీస్తారు. 2010లో సూసన్ స్టీల్ డన్, ఆమె సహచరులు ఈ పద్ధతి మీద పేపర్ ప్రచురించారు. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. కానీ మబ్బు పట్టిన రోజు సూర్యుడి ఊపు ఉండదు, పంట ఏపుగా పెరిగి నీడ పడితే ఊపు తగ్గుతుంది. ఇంకో పెద్ద చిక్కు: తడి పెరిగితే డిఫ్యూజివిటీ మొదట గబగబా పెరుగుతుంది, ఆ తర్వాత నిలబడిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఎందుకంటే కండక్టివిటీతో పాటు వేడి దాచుకునే శక్తి కూడా పెరుగుతోంది కదా. అంటే ఒకే డిఫ్యూజివిటీకి రెండు వేర్వేరు తడులు ఉండొచ్చు. ఏది నిజమో చెప్పడానికి ముందు రోజుల రికార్డు, వాన లెక్క కావాలి.

రెండోది, మనమే వేడి పెట్టడం. కేబుల్‌కి ఉన్న స్టీల్ తొడుగులో కొన్ని నిమిషాలు కరెంటు పంపిస్తే అది వేడెక్కుతుంది. ఫైబర్ ఆ వేడి ఎట్లా పెరుగుతోందో చూస్తుంది. చుట్టూ మట్టి తడిగా ఉంటే వేడి లాగేసుకుంటుంది, కేబుల్ చల్లగా ఉంటుంది. పొడిగా ఉంటే వేడి పోవడానికి దారి లేక కేబుల్ కాగుతుంది. మీటరుకు 10 వాట్లు ఇచ్చామనుకోండి. ఒకటో నిమిషం నుంచి పదో నిమిషం మధ్య, కండక్టివిటీ 0.3 ఉన్న పొడి మట్టిలో కేబుల్ సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. 1.8 ఉన్న తడి మట్టిలో ఒక్క డిగ్రీ. ఆరు ఎక్కడ, ఒకటి ఎక్కడ! ఇంత తేడా ఉంటే కొలవడం సులువు. ఒరెగాన్ బృందంలోని చాదీ సైద్ 2010లోనే దీని మీద పని ప్రచురించారు.

ఇదే సూత్రం సిటీ కింద కూడా పనిచేస్తుంది. హై వోల్టేజ్ అండర్‌గ్రౌండ్ కరెంటు కేబుళ్లలో లోపలి కండక్టర్ 90 డిగ్రీలు దాటకూడదు. ఆ వేడిని బయటికి తీసుకుపోవాల్సింది చుట్టూ ఉన్న మట్టే. ఎండాకాలం ఆ మట్టి ఎండిపోతే, ఏసీలన్నీ ఆన్‌లో ఉన్న టైంలోనే కేబుల్ ఊపిరాడక కాగుతుంది. అందుకే ఇట్లాంటి కేబుళ్ల పక్కన ఫైబర్ వేసి, ఏ మీటరు దగ్గర వేడి పెరుగుతోందో చూస్తారు.

మన దగ్గర నేల వేడి కొలిచిన వాళ్లు

హైదరాబాద్ ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ ఉంది, 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. వీళ్లకు విజయవాడ హైవే మీద చౌటుప్పల్‌లో ఒక పరిశోధన క్యాంపస్ ఉంది. అక్కడ ఒక జియోథర్మల్ క్లైమేట్ అబ్జర్వేటరీ పెట్టారు. గాలి వేడి, నేల పై వేడి, మట్టిలో వేర్వేరు లోతుల వేడి, కింద బోరుబావి వేడి, అన్నీ ఒకే చోట రికార్డు. అక్కడి అడుగు రాయి కూడా మనలాంటి గ్రానైటే.

ఎందుకు ఇదంతా? పైన వేడి పెరిగితే ఆ వేడి రాతిలోకి చాలా నెమ్మదిగా దిగుతుంది. రోజు ఊపు జానెడు మూరెడు లోతులో ఆగిపోతుంది, ఏడాది ఊపు పది పదిహేను మీటర్లలో, వందేళ్ల మార్పు వంద మీటర్ల దాకా పోతుంది. అంటే లోతు బోరు ఒక పాత డైరీ. సుకాంత రాయ్, ఆయన సహచరులు దేశంలో డెబ్బైకి పైగా బోరుబావుల ఉష్ణోగ్రతలు చదివి 2002లో ప్రచురించిన లెక్క ప్రకారం, గత 150 ఏళ్లలో మన నేల సగటున దాదాపు 0.9 డిగ్రీ వేడెక్కింది. థర్మామీటర్ రికార్డులు లేని కాలం గురించి కూడా రాయి చెప్తోంది.

ఇంకా దగ్గరికి వద్దాం. రావిర్యాల పక్కనే మహేశ్వరం. అక్కడ 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ల తరబడి అధ్యయనం చేశాయి. ఆ చిన్న ప్రాంతంలో 700కు పైగా బోర్లు వాడుకలో ఉన్నాయని లెక్క తేలింది. ఏడాది వాన సుమారు 750 మిల్లీమీటర్లు, అదీ దాదాపు అంతా వానాకాలంలోనే. పైన ఎర్ర మట్టి, దాని కింద మొరం, దాని కింద పగుళ్లున్న గ్రానైట్, ఆ కింద గట్టి బండ. నీళ్లు ఉండేది ముఖ్యంగా ఆ పగుళ్ల పొరలో. ఆ పొర దాటి ఎంత లోతుకు పోయినా బండే. వెయ్యి అడుగులు వేసినా దుమ్ము లేచే బోర్లు మీ ఊర్లో ఉంటే, కారణం ఇదే.

ఇట్లాంటి నేలలో పై మట్టి నుంచి నీళ్లు ఎక్కడ దిగుతున్నాయి అన్నదే అసలు ప్రశ్న. చెరువు అడుగున అన్ని చోట్లా ఒకేలా దిగవు. ఒక దగ్గర ఒండ్రు పేరుకుని మూసుకుపోతుంది, పది అడుగుల అవతల ఇసుక దొన ఉంటే గటగటా తాగేస్తుంది. నీళ్లు దిగే చోట పగటి వేడిని కూడా వెంట తీసుకుపోతాయి, అక్కడ రోజు ఊపు మామూలు కంటే లోతుగా కనిపిస్తుంది. చెరువు అడుగున ఫైబర్ పరిస్తే ఆ చోట్లు మ్యాప్ లాగా బయటపడతాయి. ఒకటి రెండు సెన్సర్లు గుచ్చితే ఆ దొన మీద పడే చాన్స్ ఎంత? కిలోమీటరు కేబుల్ అంటే వెయ్యి థర్మామీటర్లు. డీటీఎస్ అసలు బలం అది. పూడిక ఎక్కడ తీయాలి, ఏ జాగాలో ప్లాట్లు పడకుండా కాపాడుకోవాలి అన్న వాదనకు అప్పుడు ఆధారం దొరుకుతుంది. మన వైపు భూమి ధర గజాల్లో చెప్తున్నారు. ఆ గజం ఎంత నీళ్లు తాగుతుందో ఎవరూ చెప్పట్లేదు.

ఖర్చు, తిప్పలు

డీటీఎస్ యంత్రం ధర లక్షల్లో ఉంటుంది. ఒక రైతు కొనేది కాదు. అది యూనివర్సిటీ, ప్రభుత్వ శాఖ, రైతు సంఘం స్థాయి వస్తువు. కేబుల్ గట్టిగా వంగితే, అతుకు సరిగ్గా లేకపోతే లైట్ కారిపోయి రీడింగ్ తప్పుతుంది. కొంత కేబుల్‌ని చుట్టగా చుట్టి ఒకటి ఐసు నీళ్లలో, ఇంకోటి గోరువెచ్చని నీళ్లలో పెట్టి, తెలిసిన వేడితో సరిచూస్తూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం లోతు. రెండు కేబుళ్ల మధ్య 20 సెంటీమీటర్లు అనుకున్నది నిజంగా 18 అయితే, డిఫ్యూజివిటీ లెక్కలో తేడా 20 శాతం దగ్గరికి పోతుంది. నాగలి కర్రు, ఎలుక బొరియ, వాన కోత, ఏదైనా ఆ లోతు మార్చొచ్చు.

మీరు చేయగలిగేది

సూత్రం మాత్రం చవక. డీఎస్18బీ20 అనే వాటర్‌ప్రూఫ్ సెన్సర్లు మూడు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక పవర్ బ్యాంక్. బీటెక్ ప్రాజెక్టు కోసం బొమ్మ కారు చేసే బదులు ఇది చేయండి.

గుంట తవ్వి, దాని పక్క గోడలోకి అడ్డంగా 5, 10, 20 సెంటీమీటర్ల లోతుల్లో సెన్సర్లు గుచ్చండి. పై నుంచి నిలువుగా గుచ్చితే వైరు వెంట వేడి, నీళ్లు దిగుతాయి. లోతు స్కేలుతో కొలవండి. గుంట అదే మట్టితో, అదే గట్టితనంతో పూడ్చండి. పది నిమిషాలకో రీడింగ్. ఎండ బాగా కాసే మూడు నాలుగు రోజులు వదిలేయండి.

ఇప్పుడు రోజూ ప్రతి లోతులో గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేయండి. 10 దగ్గర వచ్చిన ఊపును 20 దగ్గర వచ్చిన ఊపుతో భాగించి, సహజ లాగరిథం తీయండి. మధ్య దూరం 10ని దానితో భాగిస్తే డ్యాంపింగ్ డెప్త్. దాని వర్గాన్ని 3.14తో గుణించి 86,400తో భాగిస్తే డిఫ్యూజివిటీ, చదరపు సెంటీమీటర్లు పర్ సెకను. డ్యాంపింగ్ డెప్త్ 12 వస్తే జవాబు 0.0052. ఈ సెన్సర్లలో అర డిగ్రీ దాకా స్థిరమైన తేడా ఉండొచ్చు, కానీ మనం గరిష్ఠం నుంచి కనిష్ఠం తీస్తున్నాం కాబట్టి ఆ తేడా కొట్టుకుపోతుంది.

ఒకసారి తడి పెట్టే ముందు, ఒకసారి తడి పెట్టి నాలుగు రోజుల తర్వాత ఇదే చేయండి. అదే రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, పిడికిట్లో మట్టి పట్టుకుని పదును ఉందో లేదో చెప్పమనండి. ముద్ద కడుతుందా, విడిపోతుందా అని వాళ్లు చూసేది కూడా రేణువుల మధ్య నీటి వంతెనలనే. వాళ్ల మాట ఒక కాలమ్‌లో, మీ నంబర్ పక్క కాలమ్‌లో రాయండి. పది పదిహేను రోజులు రాస్తే మీ చెల్కకు సరిపోయే గీత దొరుకుతుంది: ఈ నంబర్ కంటే కిందికి దిగితేనే మోటారు. ఆ గీత నల్లరేగడికి వేరు, దుబ్బ నేలకు వేరు. వేరే ఊరి గీత మీకు పనికిరాదు.

వానాకాలం రాకముందే పెట్టండి. మృగశిరకు మొదటి వాన పడ్డ రోజు ఆ 20 సెంటీమీటర్ల గ్రాఫ్ ఎట్లా మారుతుందో మీ ఫోన్‌లో మీరే చూస్తారు. గ్రాఫ్ వచ్చాక నాకు పంపండి, మంచివి తీసుకుని ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను మరి.